ఉభయచర సంరక్షణము – ఆర్ద్రభూములు

ఉభయచరములు సకశేరుక జంతువులలో నొక తరగతి. కప్పలును గోదురుకప్పలును ఒక క్రమమునకు చెందినవి. తోకగల సాలమాండరులు, న్యూటులు రెండవ క్రమమునకు చెందినవి. కాళ్లు లేక తడిమన్నులో మెలగు సిసీలియనులు మూడవ క్రమము. నేటికి ఎనిమిదివేలకు మించిన జాతులు శాస్త్రజ్ఞులచే వర్ణింపబడినవి. 2023లో ప్రకటితమైన రెండవ ప్రపంచ ఉభయచర సమీక్ష 8,011 జాతులను పరిశీలించి, వానిలో నూటికి 40.7 వంతులు అంతరించు ప్రమాదమున నున్నవని తేల్చినది. ఇదే ప్రమాణమున చూచినచో క్షీరదములలో నూటికి 26.5 వంతులును, పక్షులలో 12.9 వంతులును మాత్రమే ఆపదలో నున్నవి. సాలమాండరుల స్థితి మరింత విషమము. వానిలో ప్రతి ఐదు జాతులకు మూడు ప్రమాదమున నున్నవి. వెన్నెముకగల ప్రాణులలో ఇంతటి దురవస్థకు లోనైన తరగతి వేరొకటి లేదు. ఈ క్షీణతకు కారణములు పెక్కు, వానిని గూర్చిన పరిశోధనయు విపులము. ఐనను ఆ పరిశోధనమంతటినుండియు తేలు ప్రధానాంశ మొకటి కలదు: ఉభయచరము బ్రతుకవలెనన్న నీరు తగిన ఋతువున రావలెను, తగినన్నాళ్లు నిలువవలెను. శీతోష్ణస్థితి పరివర్తనము దెబ్బతీయుచున్నది సరిగా ఈ రెంటినే.

ఈ జీవుల యాపదకు మూలము వాని శరీరనిర్మాణముననే యున్నది. వాని చర్మమునకు పొలుసులు గాని, ఈకలు గాని, రోమములు గాని లేవు. అది పలుచనై, ఎల్లప్పుడు తడిగా నుండి, నీటిని, వాయువులను, నీటిలో కరగిన విషములను సైతము లోనికి రానిచ్చును. కప్ప నోటితో నీరు త్రాగదు, పొట్టక్రింది చర్మముతో పీల్చుకొనును. ప్రాణవాయువులో కొంతభాగమును చర్మముద్వారానే గ్రహించును. అమెరికా ఖండములందు విస్తారముగా నున్న ఒక సాలమాండరు కుటుంబమునకు ఊపిరితిత్తులే లేవు. శ్వాసభారమంతయు చర్మమును నోటిలోపలి పొరయు వహించును. ఉభయచరముల గ్రుడ్డునకు పెంకు లేదు, జిగురుపొర యొకటే రక్ష. దేహోష్ణము పరిసరముల ననుసరించి హెచ్చుతగ్గులు పొందును. కావున గాలిలో తేమ తగ్గినను, ఎండ హెచ్చినను, పొలముపై చల్లిన మందు నీటిలో కలిసినను, ఆ మార్పు ముందుగా సోకునది ఈ దేహమునకే.

తెలుగునాట దీనిని కన్నులార చూచుటకు తొలకరికి మించిన సమయము లేదు. నిన్నటివరకు పగుళ్లువారియున్న పల్లపునేలలో మృగశిరకార్తె వాన మోకాటిలోతు నీరు నింపిన రాత్రి, నెలల తరబడి మట్టిలో దాగియున్న బోదురుకప్పలు వెలికివచ్చును. సాధారణముగా ఆకుపచ్చ, బూడిద కలిసిన మగకప్ప దేహము ఆ దినములలో నిమ్మపండు పసుపువన్నెకు మారును; గొంతునకు ఇరుప్రక్కల నీలిరంగు తిత్తులు ఉబ్బును; ఆ తిత్తులతో అది చేయు బెకబెకలు ఊరి పొలిమేరవరకు వినబడును. ఈ సంరంభము కొలది రాత్రులలోనే ముగియును. నీటిపై తేలిన గ్రుడ్లు త్వరలోనే పగిలి, బయటపడిన తోకకప్పలు నీటిపురుగులను, ఇతర జాతుల తోకకప్పలను, ఆకలి మితిమీరినప్పుడు తమ తోబుట్టువులను సైతము భక్షించుచు త్వరత్వరగా ఎదుగును. త్వర యెందుకన, ఆ నీరు ఎండిపోవులోపల కాళ్లు మొలిచి, తోక హరించి, గట్టునకు చేరవలెను. లేనిచో చావు తప్పదు.

ఇట్టి క్షణికమైన నీటినే కప్ప యేల ఆశ్రయించునని పాఠకునకు సందేహము కలుగవచ్చును. ఏడాదిపొడుగున నిలుచు నీటిలో చేపలుండును. చేపలున్నచోట గ్రుడ్లును తోకకప్పలును మిగులుట అరుదు. ఎండిపోవు కుంటలో చేప బ్రతుకజాలదు. కావున పెక్కు జాతులకు మేలైన నీరు ఈ రెండు హద్దుల నడుమ నుండును: తోకకప్ప కప్పగా మారుటకు చాలినన్ని వారములు నిలువవలెను, చేప స్థిరపడుటకు చాలినంత కాలము నిలువరాదు. శాస్త్రజ్ఞులు జలస్థితికాలమని లెక్కించు ఈ అవధి ఒక్కొక్క జాతికి ఒక్కొక్కటిగా నుండును. చూచువారికి పనికిమాలిన మురికిగుంటగా తోచునది ఒక జాతికంతటికి ప్రసూతిగృహమై యుండుట ఇందువలననే.

ఉభయచరములు తరిగిపోవుచున్నవను సంగతి లోకమునకు స్పష్టమైనది 1989లో. ఆ సంవత్సరము ఇంగ్లండులోని కాంటర్బరీ నగరమున జరిగిన ప్రథమ ప్రపంచ సరీసృపోభయచర శాస్త్రమహాసభకు వచ్చిన పరిశోధకులు, తాము వేర్వేరు ఖండములలో చూచుచున్న కప్పలు ఒకే కాలమున మాయమగుచున్నవని పరస్పరము చెప్పుకొని విస్మితులైరి. అప్పటికే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవులలో, పిల్లలను కడుపున పెంచి నోటిద్వారా వెలువరించు జఠరగర్భ కప్పలు రెండు జాతులును అదృశ్యమైయుండెను. అందు రెండవజాతి 1984లో కనుగొనబడి మరుసటి యేటికే కానరాకపోయెను. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశమున మోంటెవెర్డె మేఘారణ్యమందు మాత్రమే వసించిన సువర్ణ గోదురుకప్ప కథ అంతకంటె ప్రసిద్ధము. 1987 వసంతమున చెట్లవేళ్ల నడుమ నిలిచిన చిన్నచిన్న నీటిగుంటలలో పదునైదువందలకు పైగా కనబడిన ఆ నారింజవన్నె జీవి, 1989 మే నెలలో ఒంటరి మగకప్పగా కనబడి, ఆ తరువాత మరి ఎవ్వరి కంటనుపడలేదు. 2004లో దానిని అంతరించినదిగా ప్రకటించిరి.

ఈ సంహారమునకు ప్రధాన హేతువు 1998లో బయటపడినది. బట్రాకోకైట్రియం డెండ్రోబటిడిస్ అని మరుసటి యేట నామకరణము పొందిన ఈ కైట్రిడ్ శిలీంధ్రము కప్ప చర్మమున చేరి, లవణముల రాకపోకలను చెరచి, తుదకు గుండెను ఆపివేయును. ఇది తూర్పు ఆసియానుండి కప్పల వ్యాపారముతో పాటు లోకమంతట వ్యాపించినదని జన్యుపరిశోధనలు సూచించుచున్నవి. ఈ వ్యాధివలన 501 జాతులు క్షీణించెననియు, వానిలో 90 అంతరించియుండుననియు 2019లో ఒక విస్తృత సమీక్ష అంచనా కట్టినది. ఒక్క వ్యాధి ఇన్ని జాతులను నాశనము చేసిన దృష్టాంతము శాస్త్రచరిత్రలో వేరొకటి లేదు.

అట్లని నేరమంతయు శిలీంధ్రముపై మోపుట న్యాయము కాదు. 2023 నాటి సమీక్ష ప్రకారము 1980 మొదలు 2004 వరకు జాతుల స్థితి దిగజారుటకు వ్యాధియు, నివాసనాశనమును ముఖ్య కారణములు కాగా, 2004 తరువాత దిగజారిన వానిలో నూటికి 39 వంతులకు శీతోష్ణస్థితి పరివర్తనమే ప్రధాన హేతువు. వ్యాధికిని శీతోష్ణస్థితి పరివర్తనమునకును గల సంబంధమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. వేడెక్కిన వాతావరణము మేఘములను పైకి లేపి శిలీంధ్రమునకు అనుకూలించెనని కొందరును, సువర్ణ గోదురుకప్పను చంపినది ఎల్‌నీనో తెచ్చిన అనావృష్టియే గాని దీర్ఘకాలిక తాపవృద్ధి కాదని మరికొందరును వాదించిరి. ఈ వివాదము తెగకున్నను, ఎండిన సంవత్సరమున మిగిలిన కొలది తడినేలకు కప్పలన్నియు ఒక్కచోట గుమికూడుననియు, గుమికూడినచోట అంటువ్యాధి త్వరగా ప్రబలుననియు గ్రహించుట కష్టము కాదు.

తాపవృద్ధి పనిచేయు తీరులు పెక్కు. ఇంగ్లండులో కొన్ని జాతులు మునుపటికంటె కొన్ని వారములు ముందుగా గ్రుడ్లు పెట్టుచున్నవని 1995లోనే గమనింపబడినది. పోర్టోరికో ద్వీపమున కోకీ కప్పలు ఇరువది మూడేండ్లలో కొండవాలున పైపైకి జరిగి, పరిమాణము తగ్గి, కూతలో స్వరము హెచ్చినవి. జరుగుటకు కొండ యున్నంతవరకే ఆ యుపాయము చెల్లును. శిఖరమునకు చేరిన జాతికి ఆపై గతి లేదు. అన్నింటికంటె ఘోరమైనది నీరు ఇంకిపోవుట. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయవనము 1872నుండి రక్షితమైన ప్రదేశము. అచట ఎవ్వరును నేలను దున్నలేదు, కుంటలను పూడ్చలేదు. ఐనను 1990 దశకపు తొలియేండ్లకును 2008కిని నడుమ ఒక లోయలో శాశ్వతముగా ఎండిపోయిన కుంటల సంఖ్య నాలుగు రెట్లైనదని పరిశోధకులు చూపిరి. కంచె వేసినంత మాత్రమున నీరు నిలువదని దీనివలన తెలియుచున్నది.

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతసరస్సుల వృత్తాంతము ఈ విషయమును మరింత విశదము చేయును. అచటి పసుపుకాళ్ల కొండకప్ప తోకకప్పలు కప్పలుగా మారుటకు రెండు మూడేండ్లు పట్టును. కావున శీతకాలమున అడుగువరకు గడ్డకట్టని, వేసవిలో ఎండని లోతైన సరస్సు వానికి అవసరము. ఆ సరస్సులలో పూర్వము చేపలు లేవు. పందొమ్మిదవ శతాబ్దమునుండి వేటగాండ్ర వినోదమునకై ట్రౌటు చేపలను వానిలో వదలిరి. చేపలు లోతునీటిని ఆక్రమింపగా కప్పలు లోతులేని కుంటలకు తరలినవి. మంచు తక్కువగా కురిసిన సంవత్సరములలో ఆ కుంటలును ఎండసాగినవి. ఒకవైపు చేప, మరొకవైపు ఎండ, పైగా శిలీంధ్రము. ఐనను యోసెమిటీ జాతీయవనమున చేపలు వదలుట 1991లో మానివేసి, కొన్ని సరస్సులనుండి వలలతో వానిని పూర్తిగా తొలగించినపిమ్మట, శిలీంధ్రము అచటనే యున్నను కప్పల సంఖ్య ఇరువదియేండ్లలో ఏడురెట్లకు పెరిగినది. తాపవృద్ధిని ఒక వనాధికారి ఆపజాలడు. సరస్సులోని చేపలను తీసివేయగలడు. ఒక బాధను తొలగించినచో రెండవదానిని సహించు శక్తి ప్రాణికి కలుగుచున్నది. సంరక్షణశాస్త్రమున ఇంతకంటె ఆశాజనకమైన పాఠము నాకు తెలియదు.

ఆర్ద్రభూముల రక్షణకు అంతర్జాతీయ ప్రయత్నము 1971 ఫిబ్రవరి 2న ఇరానులోని రామ్‌సర్ పట్టణమున కుదిరిన ఒడంబడికతో ఆరంభమైనది; భారతదేశము 1982లో అందు చేరినది. ఐనను 1970 మొదలు 2015 వరకు ప్రపంచమున నున్న ఆర్ద్రభూములలో నూటికి 35 వంతులు నశించినవని ఆ ఒడంబడిక కార్యాలయమే 2018లో ప్రకటించినది. నశించుచున్నది కప్పల నివాసము మాత్రమే కాదు. భూభాగమున నూటికి మూడువంతులు మాత్రమే యున్న పీటు నేలలు (కుళ్లని మొక్కల తుక్కు పేరుకొనిన తడినేలలు) మట్టిలోని కర్బనమున సుమారు మూడవవంతును దాచియున్నవి. వానిని ఎండగట్టినచో ఆ కర్బనము ఆకాశమునకెక్కి తాపమును మరింత హెచ్చించును. తెలుగునాట కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినది. అప్పటికే చేపలచెరువుల కట్టలు సరస్సును ముక్కలుచేసియుండగా, 2006లో ప్రభుత్వము వానిని పెద్దయెత్తున పగులగొట్టించవలసివచ్చెను. చేపలచెరువునందును నీరున్నదిగదా యని వాదించువారు కలరు. ఏడాదిపొడుగున లోతుగా నిలిచి, చేపలతో నిండి, నిటారు గట్లుగల ఆ నీరు కప్పకు ఏమాత్రమును పనికిరాదు.

నివాసము పూర్తిగా చెడినప్పుడు తుదిమార్గము బందీసంవర్ధనము. టాంజానియాలోని కిహాన్సీ జలపాతపు తుంపరలో, సుమారు రెండు హెక్టారుల తడినేలమీద మాత్రమే బ్రతికిన ఒక చిట్టి గోదురుకప్ప గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. విద్యుత్తుకై కట్టిన ఆనకట్ట 2000 నాటికి ఆ నదీప్రవాహమున నూటికి 90 వంతులను మరలించినది, తుంపర ఆగినది. ఆ సంవత్సరమే 499 జీవులను అమెరికాలోని జంతుప్రదర్శనశాలలకు తరలించిరి. లోయలో గొట్టములు అమర్చి కృత్రిమముగా నీటిని చిమ్మించిరి. ఐనను 2009లో ఆ జాతి ప్రకృతిలో అంతరించినదిగా ప్రకటింపబడి, ప్రదర్శనశాలలలో పెరిగిన సంతతి 2012లో తిరిగి స్వస్థానమునకు చేరినది. అచటి తుంపర యిప్పుడు యంత్రము ఇచ్చునదే. ఆస్ట్రేలియా స్నోయీ పర్వతములలోని కొరబొరీ కప్పది వేరొక చిక్కు. నలుపు పసుపు చారలతో మెరయు ఈ అంగుళమంత జీవి వేసవి చివర నాచునేలలో గ్రుడ్లుపెట్టి శీతకాలపు వానకై ఎదురుచూచును. వాన ఆలస్యమైనచో గ్రుడ్లు, ముందుగా వెనుదిరిగినచో తోకకప్పలు ఎండిపోవును. ప్రదర్శనశాలలలో పెంచిన కప్పలను వ్యాధి సోకకుండ కంచెలలో నుంచి కాపాడుచుండగా, 2019–20 కార్చిచ్చు ఆ కొండలను దహించినది. అదే దేశమున పరిశోధకులు శిలీంధ్రము వేడిని సహింపజాలదను సత్యమును ఉపయోగించుకొని, రంధ్రములున్న ఇటుకలను చిన్న గాజుటింటివంటి డేరాలో పేర్చి, కప్పలు అందు వెచ్చగా కూర్చుండి వ్యాధిని తామే పోగొట్టుకొనునని 2024లో నిరూపించిరి. ఇటుకయు, ఎండయు తప్ప ఇందులో ఖరీదైన పరికరము లేదు.

ఐనను నా దృష్టిలో అత్యంత ఆదరణీయమైన దృష్టాంతము స్విట్జర్లండులోని ఆర్గావ్ మండలముది. జనసాంద్రత మిక్కిలిగా నుండి, రోడ్లతో, సేద్యముతో నిండిన ఆ ప్రాంతమున ఉభయచరములు తరిగిపోవుటను చూచి, అచటి ప్రభుత్వమును, స్వచ్ఛంద సంఘములును, రైతులును కలిసి 1991నుండి వందలకొలది కుంటలు త్రవ్వింపసాగిరి. ఇరువదియేండ్ల పరిశీలనలో పండ్రెండు జాతులు, 422 కొత్తకుంటలు లెక్కకు వచ్చినవి. ప్రాంతీయముగా లెక్కించిన ఉభయచర సమూహములలో సగమునకు పైగా వృద్ధిపొందినవి. నీటిమట్టము ఋతువునుబట్టి హెచ్చుతగ్గులు పొందు లోతులేని కుంటలును, ఒకటి ఎండినను ప్రక్కదానికి కప్ప నడచిపోగల దూరమున నుండు కుంటలును మేలు చేసినవి. చిన్నపనిని ఓపికతో వందలసార్లు చేయుటయే ఆ విజయరహస్యము.

భారతదేశమున నాలుగువందలకు మించిన ఉభయచరజాతులు కలవు. వానిలో అధికభాగము పశ్చిమ కనుమలందును, ఈశాన్యమందును మాత్రమే వసించును. 2003లో వర్ణింపబడిన ఊదారంగు కప్ప ఏడాది పొడుగున భూమిలో చెదలు తినుచు, తొలకరి వేళ కొలది దినములు మాత్రము వెలికివచ్చి కొండవాగులలో గ్రుడ్లుపెట్టును. దాని దగ్గరి బంధువులు హిందూమహాసముద్రమందలి సీషెల్స్ దీవులలో నున్నవి. వాన పది దినములు ముందువెనుకలైనచో అట్టి జీవి వంశమేమగునో ఊహింపవచ్చును. మన బోదురుకప్ప యాపద మరియొక విధమైనది. దాని కాళ్లు విదేశీయుల భోజనశాలలకు టన్నులకొలది ఎగుమతియగుచుండగా, పొలములలో పురుగు పెరుగుచున్నదను ఆందోళన బలపడి, 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. కప్పకును మనుష్యుని క్షేమమునకును గల సంబంధము ఊహాజనితము కాదు: కోస్టారికా, పనామాలలో కప్పలు నశించిన మండలములలో తరువాతి కొన్నేండ్లు మలేరియా హెచ్చినదని 2022లో పరిశోధకులు లెక్కలతో చూపిరి.

ఋగ్వేదము సప్తమమండలమున వానాకాలపు కప్పలపై ఒక సూక్తమే కలదు. తెలంగాణ పల్లెలలో వాన కురియనప్పుడు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, పిల్లలు ఇంటింటికి మోసికొనిపోగా, ఇల్లాండ్రు బిందెలతో నీరుపోయు కప్పతల్లి ఆచారము నేటికిని కొన్నియెడల నిలిచియున్నది. ఇంతటి చిరపరిచయముగల జాతిని మనము కాపాడుకొనవలసిన చోటు చెరువే. పాకాల, రామప్ప, లక్నవరము వంటి కాకతీయుల నాటి చెరువులు మొదలు ఊరూర నున్న కుంటల వరకు, వాని క్రింది వరిమళ్లును కలిపి, తెలుగుదేశపు ఆర్ద్రభూమి అత్యధికము మనుష్యనిర్మితమే. ఐతే భారతప్రభుత్వపు 2017 నాటి ఆర్ద్రభూమి నియమములు వరిమళ్లను, సాగునీటికై నిర్మించిన జలాశయములను తమ నిర్వచనమునుండి మినహాయించినవి. రైతుకు చిక్కులు కలుగరాదను ఉద్దేశము మంచిదే. కాని దాని ఫలితముగా మన కప్పలకు నెలవైన నీటిలో పెద్దభాగము చట్టపు రక్షకు వెలుపల నుండిపోయినది. దీనిని సరిదిద్దుట అవసరమని నా నిశ్చితాభిప్రాయము.

చట్టము మారులోపల గ్రామమున చేయదగినది లేకపోలేదు. 2015లో తెలంగాణమున ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను తలపెట్టినది. పూడిక తీయుట నీటికి మేలే. కాని యంత్రముతో చెరువుగర్భమునంతటిని ఒకే లోతుకు త్రవ్వి, అంచులను నిటారుగా చెక్కినచో, శిఖమువైపు (చెరువు ముంపునేలవైపు) మోకాటిలోతు నీరు నిలుచు తుంగమడులు మాయమగును. కప్ప గ్రుడ్లుపెట్టు చోటు అదియే. దోమలకై ప్రతి గుంటలోను గంబూసియా చేపను వదలుటయు అట్టి పొరపాటే. ఆ చేప దోమపిల్లలతో పాటు కప్పగ్రుడ్లను, తోకకప్పలను కూడ తినివేయును. కావున పూడిక తీయింపబోవు ప్రతి ఇంజనీరునకును, ఆయకట్టు రైతునకును ఈ విన్నపము: శిఖమువైపు అంచును వాలుగా విడువుడు, చెరువునకు ఎగువన రెండు మూడు పల్లపుకుంటలను చేపలు వదలక, మందునీరు చేరనీయక, వేసవిలో ఎండిపోవుటకు విడిచిపెట్టుడు. దీనికి అదనపు వ్యయము లేదు. గుత్తేదారునకు పని అప్పగించు దినముననే ఒప్పందపత్రమున రెండు వాక్యములు చేర్చిన చాలును.